మచ్చలు పడని ప్లేటు

జమాలున్నీసా తన కలలను నల్లాకు చెప్పుకునేది.

పొద్దున పదింటికి మా ల్యాబుకు వచ్చి, బుర్ఖా విప్పి తలుపు వెనకాల తగిలించి, ముందురోజు నానబెట్టిన గాజు సామాను ముందు నిలబడి నల్లా తిప్పేది. నీళ్లు పడుతుంటే ఆమె పెదవులు కదిలేవి. కొత్తలో నేను దువా చదువుతోందనుకున్నాను. ఒకరోజు పక్కన నిలబడి చెవి పెడితే వేరే మాటలు వినపడ్డాయి.

"పెద్ద దర్వాజ. దాని మీద ఇంకో దర్వాజ. తాళంచెవి నోట్ల పెట్టుకోని ఎక్కుతున్న..."

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ ఖాలా?" అని అడిగాను.

"కలొచ్చింది బిడ్డా. కలను మనుషులకు చెప్తే ఖరాబైతది. పారే నీళ్లకు చెప్పాలె. మా నానీ చెప్పింది."

"ఇది నల్లా గద?"

"నల్లా అయితేంది, నీళ్లు పారుతలేవా?" అని ఆమె ట్యూబులు కడగడంలో పడిపోయింది.

కరీంనగర్‌లోని ఒక కాలేజీలో మైక్రోబయాలజీ విభాగానికి ఆమె అటెండరు. నేను ఖానాపూర్ నుంచి వచ్చి అక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాను. నా పేరు అలేఖ్య. విద్యార్థులమంతా ఆమెను ఖాలా అనేవాళ్లం, పిన్నిని పిలిచినట్టు. గాజు సామాను కడగడం, దాన్ని ఆవిరి పట్టి శుభ్రం చేయడం, బాక్టీరియా పెరగడానికి అగర్ కాచి ప్లేట్లలో పోయడం ఆమె పని. ఆమె పోసిన ప్లేట్లలో బుడగ ఉండేది కాదు. మేం పోస్తే గుంటలూ గుట్టలూ.

ల్యాబు రెండో అంతస్తులో మూలగది. వెనక కిటికీలోంచి మానేరు డ్యాం కట్ట దూరంగా సన్నని గీతలా కనపడేది. మధ్యాహ్నం దాటాక అటునుంచి వచ్చే వెలుతురులో గదిలోని గాజంతా నీళ్లలో మునిగినట్టుండేది. బాక్టీరియాను మనిషి ఒంటి వేడిలో పెంచే ఇంక్యుబేటర్ పెట్టె సన్నగా గుంయ్ మంటూ ఉండేది. ఆ చప్పుడుకు మాలో ఎవరికో ఒకరికి కునుకు పట్టేది. ఎక్కువగా జమాలున్నీసాకే. స్టూలు మీద కూర్చుని, వీపు ఆ వెచ్చని పెట్టెకు ఆనించి, చేతిలో తుడిచే బట్ట ఉండగానే నిద్రపోయేది. మా మమతారాణి మేడమ్ చూసి కూడా ఏమీ అనేవారు కాదు. ఇద్దరూ ఒకే ఏడాది ఆ కాలేజీలో చేరారు, మేడమ్ లెక్చరరుగా, ఆమె అటెండరుగా. ఇరవై నాలుగేళ్లుగా ఒకే గదిలో ఒకే కిటికీలోంచి చూస్తున్నారు.

అంతకుముందు జమాలున్నీసాది హుజూరాబాద్. ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివి, ఆ ఊళ్లోని ఒక విత్తనాల కంపెనీ పరీక్ష గదిలో పనికి కుదిరింది. తడి కాగితం మీద వంద గింజలు వరుసగా పరచాలి. కాగితాన్ని చుట్ట చుట్టి వెచ్చని గదిలో నిలబెట్టాలి. రోజులు నిండాక విప్పి ఎన్ని మొలిచాయో చూడాలి. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుందని ఆమె చెప్పేది. మొలవని గింజలను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య నొక్కి చూడాలి. రాయిలా గట్టిగా ఉంటే దానిలోకి నీళ్లే పోలేదు. ఉబ్బి మెత్తబడి ఉంటే నీళ్లు పోయాయి, లోపల ఏదో లోపించింది. రెండింటినీ వేరువేరుగా రాయాలి.

"మొలిచినయి అందరికీ కనపడుతయి. మొలవనియి ఎందుకు మొలవలేదో ఎవరు అడుగుతరు? మేమే అడుగాలె" అనేది, తొమ్మిదేళ్లు చేసిన ఆ పనిని తలచుకుని.

నేను చివరి ఏడాదికి వచ్చేసరికి మేడమ్‌కు ఒక ఆలోచన వచ్చింది. బాక్టీరియాకు కూడా వైరస్‌లుంటాయి, ఫేజ్‌లంటారు. పుస్తకాల్లో బొమ్మలు చూడటమే కాని మా దగ్గర ఒక్కటీ లేదు. మన నీళ్లలోంచే ఒకదాన్ని పట్టుకుందాం అన్నారు. నేను ప్రాజెక్టుగా ఒప్పుకున్నాను. బర్రెలను కడిగే ఒక కాలువ నుంచి సీసాలో నీళ్లు తెచ్చాను. వడకట్టి, మామూలు ల్యాబు బాక్టీరియాతో కలిపి ప్లేటు మీద పరిచాను.

ప్లేటు ఇంక్యుబేటర్‌లో ఉన్న మూడు గంటలూ మేడమ్ జమాలున్నీసాకు విషయం చెప్పారు. ప్లేటు నిండా బాక్టీరియా పాలమీగడలా పెరుగుతుంది. అందులో ఒక్క వైరస్ ఉన్నా చాలు, ఒక బాక్టీరియాలోకి దారంలాంటి తన డీఎన్ఏను ఎక్కించి, లోపల తనలాంటివాటిని వందకు పైగా చేసుకుని, దాన్ని పగలగొట్టి బయటపడుతుంది. అవన్నీ పక్కవాటి మీద పడతాయి. అలా సాగి సాగి మీగడలో గుండ్రని ఖాళీ మచ్చ ఏర్పడుతుంది.

"గంత చిన్నదానికి వంద పిల్లలెట్లయితయి మేడమ్? దానికి ఇల్లు లేదు, పొయ్యి లేదు."

"ఇల్లు, పొయ్యి అన్నీ బాక్టీరియావే జమాలమ్మా."

మూడు గంటలకు తలుపు తీసి ప్లేటును కిటికీ వైపు ఎత్తిపట్టుకుంటే పన్నెండు మచ్చలు. అంచులు మెత్తగా, నడుమ అద్దంలా తేటగా ఉన్నాయి. వాటిలోంచి డ్యాం కట్ట కనపడింది. జమాలున్నీసా చాలాసేపు చూసి "చాంద్" అంది. పన్నెండు చందమామలు. ఆ వైరస్‌కు మానేరు అని పేరు పెట్టుకున్నాం.

ఆ తర్వాత నా పని ఆ వైరస్ ఏ ఏ బాక్టీరియాలో పెరుగుతుందో చూడటం. మా ఫ్రిజ్‌లో ఎప్పుడో రిటైరైపోయిన ఒక సారు దాచిన పాత ట్యూబులు ఇరవై మూడు ఉన్నాయి. అన్నీ ఒకే జాతి, కడుపులో ఉండే హాని లేని రకం. ఒక్కొక్కదాని మీద అంకె తప్ప వేరే వివరం లేదు. ఒక్కొక్కదాన్ని ప్లేటు మీద పరిచి, వైరస్ నీళ్లను ఆరు చుక్కలుగా పెట్టాను. మొదటి చుక్క చిక్కనిది, ఆ తర్వాతివి పది వంతుల చొప్పున పలచన చేసుకుంటూ పోయినవి. ఇరవై రెండు ప్లేట్ల మీద వరుస ఒకేలా వచ్చింది. చిక్కని చుక్క పడ్డచోట పూర్తి ఖాళీ, పలచనవి పడ్డచోట విడివిడి చందమామలు. పదిహేడో నంబరు ప్లేటు మాత్రం వేరు. పలచని చుక్కల కింద ఒక్క మచ్చ లేదు.

'పెరగలేదు. వైరస్ అంటుకోవడం లేదు' అని పుస్తకంలో రాసుకుని, ప్లేటును పారేయాల్సిన బకెట్టులో వేయబోయాను.

"జర ఆగు బిడ్డా" అంది జమాలున్నీసా. ప్లేటు తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. ఒక కన్ను మూసింది, తెరిచింది, రెండోది మూసింది. "ఇగో, గీడ చూడు. మొదటి చుక్క కాడ ఖాళీ ఉన్నది. ఇవి సచ్చినయి."

అప్పటికే నాకు ఆకలి, విసుగు, హాస్టలుకు పోయే బస్సు ధ్యాస. వంగి చూశాను. మేఘం పట్టిన మధ్యాహ్నం. నాకేమీ సరిగా కనపడలేదు. ఆమె కుడి కంటిలో కొన్నాళ్లుగా శుక్లం ముదురుతోందని మాకందరికీ తెలుసు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది.

"అది ప్లేటు మీద మచ్చ కాదు ఖాలా, నీ కంట్ల మచ్చ" అన్నాను.

నవ్వుతూ అన్నాననే అనుకున్నాను. ఆమె ప్లేటు బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, బుర్ఖా వేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున నల్లా తిప్పింది గాని పెదవులు కదలలేదు. నీళ్ల చప్పుడొక్కటే వినపడుతూ ఉంది. ఆ చప్పుడు నాకు ఎంత కష్టమనిపించిందో చెప్పలేను. నాకు ఇంటి మీద బెంగ కలిగిన రోజుల్లో, మా బాపు మస్కట్ నుంచి ఫోన్ చేయని వారాల్లో, పక్కన నిలబడి గొణిగిన గొంతు ఆమెది.

ఆమె గదిలో లేనప్పుడు ఫ్రిజ్ తెరిచాను. కింది అరలో ఉర్దూ పేపరులో చుట్టిన ప్లేటు ఉంది. బల్ల మీంచి తీసి దాచిందే గాని ఆమె పారేయలేదు. ఆవేళ ఎండ బాగా ఉంది. కిటికీకి ఎత్తిపట్టి చూశాను. మొదటి చుక్క పడ్డచోట చిటికెనవేలి గోరంత ఖాళీ ఉంది. రెండో చుక్క దగ్గర పొగలాంటి పలచదనం. మూడు నుంచి ఆరు దాకా మీగడ చెక్కుచెదరలేదు.

ప్లేటు పట్టుకుని పోయి ఆవిరి పట్టే ఆటోక్లేవ్ దగ్గర ఆమె ముందు నిలబడ్డాను. "ఖాలా, నేను చూసిన. నువ్వు చెప్పిందే నిజం. నా నోరు మంచిది కాదు."

ఆమె ఆవిరి ముల్లు చూస్తూనే ఉంది. "కంట్ల మచ్చ ఉన్నది నిజమే గద బిడ్డా. గని రెండు కండ్లతోని చూసిన. రెండింట్లోనూ ఒకటే తీరు కనపడ్డది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "గీ వైరస్ దానికి అంటుకోకపోతే, మొదటి చుక్క కాడ ఎందుకు సచ్చినయి? గట్టి గింజ కాదు గిది. నాని ఉబ్బింది, మొలవలే. నీళ్లు లోపటికి పోయినయి బిడ్డా."

ఆ మాటను అక్షరం మార్చకుండా మేడమ్‌కు చెప్పాను. మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. కాసేపు కిటికీలోంచి చూశారు.

"పరీక్ష పెడదాం" అన్నారు.

పరీక్ష తేలికైనదే. పదిహేడో నంబరు బాక్టీరియాను వైరస్‌తో కలిపి పది నిమిషాలు ఉంచి, గిర్రున తిప్పే యంత్రంలో వేస్తే బాక్టీరియా అడుగుకు చేరుతుంది. పైన మిగిలిన నీళ్లలో ఎన్ని వైరస్‌లు అంటుకోకుండా మిగిలాయో చూడాలి. నూటికి నాలుగు కూడా మిగలలేదు. అంటే దాదాపు అన్నీ అంటుకున్నాయి. గంట ఆగి మళ్లీ చూశాం. మామూలు బాక్టీరియాలో అయితే వైరస్‌లు వందల రెట్లు పెరిగాయి. పదిహేడులో ఏమీ లేదు. లోపలికి పోయినవి పోయినట్టే ఉన్నాయి. బాక్టీరియా చచ్చింది, వైరస్ కూడా పుట్టలేదు.

ఆ మధ్యాహ్నం మేడమ్ మా ఇద్దరినీ కూర్చోబెట్టుకుని మాట్లాడారు. బోర్డు మీద ఒక పొడుగాటి గీత గీశారు. అది వైరస్ దారం, దాని డీఎన్ఏ.

"వైరస్ వట్టి చేతులతోని రాదు. తన దారానికి నకలు తీసే ఎంజైమ్ కోసం రాత, అంటే జన్యువు, తెచ్చుకుంటది. లోపట దాన్ని తయారు చేయించుకుంటది. గని ఆ ఎంజైమ్‌కు ఒక లోటు ఉన్నది. దారం మీద నిలువది. పది పదిహేను అక్షరాలు నకలు తీసేసరికి జారిపోతది. దాని దారమేమో నలభై వేల అక్షరాలు. ఎన్నడు ముగుస్తది? అందుకని బాక్టీరియాలో ఉన్న చిన్న ప్రోటీన్‌ను, థయోరెడాక్సిన్ అంటరు, దాన్ని పక్కన తగిలించుకుంటది. అది తగిలినంక దారాన్ని విడువది. ఏకబిగిన వందల అక్షరాలు పోతది. టీ-సెవెన్ అనే వైరస్ గట్లనే చేస్తది. మన మానేరు దానికి దగ్గరి చుట్టమని నా అనుమానం. పదిహేడులో ఆ ప్రోటీన్ చెడిపోయి ఉండాలె."

"గా ప్రోటీన్ బాక్టీరియాలో వైరస్ కోసమే ఉన్నదా మేడమ్?" అంది జమాలున్నీసా.

"కాదు. దానికి ఇంట్ల వేరే పనులున్నయి. బాక్టీరియాకు అది లేకున్నా నడుస్తది, చూసినం గద, పదిహేడు మంచిగనే పెరుగుతుంది. వైరస్‌కే నడువది. ఒక్కొక్క వైరస్ ఒక్కొక్క తీరు. లాంబ్డా అని ఇంకోటున్నది. వేడి తగిలినప్పుడు ప్రోటీన్లను సరిచేసే బాక్టీరియా ప్రోటీన్లుంటయి. నకలు మొదలుపెట్టనీకి అది వాటి సాయం తీసుకుంటది."

"అడిగి తీసుకుంటదా, అడగకుంటనా?"

మేడమ్ నవ్వారు. "అడగదు జమాలమ్మా. పక్కకు పోయి అతుక్కుంటది, అంతే."

జమాలున్నీసా ఆ జవాబుతో తృప్తిపడినట్టు లేదు. ఆ రోజంతా తనలో తాను ఏదో అనుకుంటూ తిరిగింది.

మర్నాడు ఆమె భర్త ఇనాయతుల్లా వచ్చాడు. ఊరంతా తిరిగి కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. భార్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి వచ్చి, ఆమె పని అయ్యేదాకా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె కాగితాలు సర్దుతూనే అతనికి అంతా చెప్పింది. ఉర్దూలో మొదలుపెట్టి, నన్ను చూసి తెలుగులోకి మారింది.

"పది పదిహేను అక్షరాలకే జారుతదట. పక్కన ఒకటి పట్టుకుంటేనే నిలుస్తదట."

ఇనాయతుల్లా తల గోక్కున్నాడు. "మిషన్ల సూది పక్కన బట్టను అదిమిపట్టే ఇనుప పాదం ఉంటది గద. అది దించకుంట కుడితే నాలుగు కుట్లకే దారం ఎగురుతది. మిషన్ పాడైందని నన్ను పిలుస్తరు. పోయి ఆ పాదం దించివస్త" అన్నాడు. తర్వాత కొంచెం సిగ్గుపడి, "మీ సైన్సు ముచ్చట నాకు తెల్వదు మేడమ్" అని చేర్చాడు.

"తెలిసినట్టే చెప్పిండ్రు" అన్నారు మేడమ్.

అనుమానం నిజమో కాదో తేలాలంటే ఒక్కటే దారి. చెడిపోని థయోరెడాక్సిన్ రాతను పదిహేడులోకి ఎక్కించి చూడాలి. అప్పుడు మచ్చలు పడితే మేడమ్ చెప్పింది నిజం. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో పనిచేసే స్నేహితురాలికి మేడమ్ ఫోన్ చేశారు. వారం తర్వాత కవరు వచ్చింది. లోపల ఒక వడపోత కాగితం ముక్క, దాని మీద పెన్సిలుతో గీసిన రూపాయి బిళ్లంత గుండ్రం. ఆ గుండ్రంలోనే ఆ డీఎన్ఏ ఎండి ఉంది.

"ఇంతేనా?" అంది జమాలున్నీసా. "కొంగు మూలకు కట్టుకునేటంత లేదు."

ఆ గుండ్రాన్ని కత్తిరించి నీటి బొట్టులో నానబెట్టాం. పదిహేడో నంబరు బాక్టీరియాను మంచులో ఉంచి ఆ నీటిని కలిపాం. ఆ తర్వాత నలభై అయిదు సెకన్లు వేడినీళ్లలో ముంచాలి, ఎక్కువా తక్కువా కాకుండా. అప్పుడే డీఎన్ఏ లోపలికి పోతుంది. సెల్‌ఫోనులో చూద్దామని నేననేలోపే జమాలున్నీసా మెల్లగా అంకెలు పలకడం మొదలుపెట్టింది. ఉర్దూలో, పాట పాడినట్టు. పైంతాలీస్ అనగానే ట్యూబు తీశాను. ఫోను కూడా అప్పుడే మోగింది. రెండు రోజుల్లో కొత్త డీఎన్ఏ ఎక్కిన బాక్టీరియా గుంపులు పెరిగాయి.

ఇంక మిగిలింది వాటి మీద వైరస్ చల్లి చూడటమే. కాని ఆ రోజే ఆమె కంటికి ఆపరేషన్. నేను తొందరపడ్డాను. నా ప్రాజెక్టు ఇవ్వాల్సిన గడువు దగ్గర పడుతోంది.

"ఆరు రోజులు ఆగుదాం" అన్నారు మేడమ్. "ఫ్రిజ్‌లో ఉన్నయి, ఎటూ పోవు. ముందుగాల ఆమె చూసింది, ఇప్పుడు కూడా ఆమె చూస్తది."

నేను ఆసుపత్రికి పోయాను. కుడి కంటి మీద దూది కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. కిటికీలోంచి ఎండ కాళ్ల మీద పడుతోంది. ప్లేట్లు వేయలేదని చెబితే నమ్మలేదు.

"నా కోసమా? ఆపిండ్రా?"

"మేడమ్ ఆపింది."

ఆమె రెండో కంటి నుంచి నీళ్లు కారుతుంటే, ఏడవకూడదని డాక్టరు చెప్పాడని గాభరాపడి నేనే తుడిచాను.

ఏడో రోజు నల్ల అద్దాలు పెట్టుకుని వచ్చింది. ఆ రోజు కాలేజీలో నల్లా రాలేదు. పైప్‌లైను ఎక్కడో పగిలిందన్నారు. పదకొండింటికి మేడమ్ రెండు ప్లేట్లు పరిచారు, ఒకటి వట్టి పదిహేడు, రెండోది కొత్త రాత ఎక్కించిన పదిహేడు. రెండింటి మీదా వైరస్ పలచగా చల్లి ఇంక్యుబేటర్‌లో పెట్టి తలుపు వేశారు.

మూడున్నర గంటలు. చేయడానికి వేరే పనిలేదు. మేడమ్ తెచ్చిన జొన్నరొట్టె, జమాలున్నీసా తెచ్చిన ఖట్టీ దాల్, నా హాస్టలు పులిహోర ముగ్గురం కలిసి తిన్నాం. బయట గాలి లేదు. డ్యాం మీది వెలుతురు గోడ మీదికి వచ్చి అలలలా కదులుతోంది. జమాలున్నీసా అలవాటుగా స్టూలు లాక్కుని పెట్టెకు ఆనుకుంది. అద్దాల వెనక కళ్లు మూసిందో తెరిచిందో తెలియలేదు. మేడమ్ గొంతు తగ్గించి నాతో ఏదో చెబుతున్నారు. ఆ మాటలు ఇప్పుడు గుర్తులేవు. పెట్టె గుంయ్ మనడం, ఆమె ఊపిరి, రెండూ ఒకే తాళానికి వచ్చాయి. నాకూ కళ్లు మూతలు పడ్డాయి. ఆ గదిలోనే ఎక్కడో, గోరంత కూడా లేని చోట్లలో, జరగాల్సిందేదో జరుగుతోందని, మేం మెలకువగా ఉన్నా లేకపోయినా అది జరుగుతుందని అనిపించింది. ఆ తలపు నాకు భయం కలిగించలేదు. ఎవరో దుప్పటి కప్పినట్టు అనిపించింది.

రెండింటికి ఆమె ఉలిక్కిపడి లేచింది. సింకు దగ్గరికి పోయి నల్లా తిప్పింది. బుస్సుమని గాలి వచ్చింది, నీళ్లు రాలేదు. వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది.

"ఖరాబైతే అయితది" అని చెప్పడం మొదలుపెట్టింది. "ప్లేట్లన్నీ డ్యాం కట్ట మీద ఆరబెట్టిన. వందలు, వేలు. ఒక్కొక్కదాంట్ల ఒక్కొక్క ఊరు ఉన్నది. ఒకదాంట్ల మా హుజూరాబాద్. వంగి చూస్తే అంగడి, మసీదు, మా నాయిన గోనెసంచి కుట్టుకుంట కూసున్నడు. 'అబ్బా' అని పిలిచిన. తలెత్తి చూసిండు గని నేను మస్తు పెద్దగున్న గద, మబ్బు అనుకున్నడు. మళ్ల తల వంచుకోని కుట్టుకున్నడు."

మేడమ్ లేచి ఆమె భుజం మీద చేయి వేశారు. అలా ఎంతసేపు నిలబడ్డారో.

రెండున్నరకు పెట్టె తెరిచాం. మేడమ్ ప్లేట్లను చూడకుండానే మూతలతో సహా ఆమె చేతికిచ్చారు. జమాలున్నీసా నల్ల అద్దాలు నుదుటి మీదికి జరిపింది. వట్టి పదిహేడును ఎత్తి చూసింది. నునుపైన మీగడ, ఒక్క మచ్చ లేదు. దాన్ని బల్ల మీద పెట్టి రెండోది ఎత్తింది. ఆమె ముఖం మీద చిన్న చిన్న గుండ్రని వెలుతురు చుక్కలు పడ్డాయి. నాకు వేరే జవాబు అక్కర్లేకపోయింది.

"అయినయి" అంది. "మస్తు అయినయి మేడమ్."

మేడమ్ కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు, నవ్వుతున్నారు. నేను గంతులేశాను. జమాలున్నీసా మాత్రం ప్లేటు దించలేదు. కుడి కన్నుతో చూసింది, ఎడమ కన్నుతో చూసింది.

"బిడ్డా, గీ అగర్ ఎప్పుడూ ఇంత పసుపు రంగుల ఉంటదా?"

"ఎప్పుడూ గిట్లనే ఉంటది ఖాలా."

"నేను గోధుమ రంగనుకుంటున్న ఇన్ని రోజుల సంది" అంది ఆశ్చర్యంగా. మచ్చల సంగతి మరిచిపోయి ఆ రంగునే చూస్తూ నిలబడింది.

తర్వాత రెండింటి డీఎన్ఏనూ హైదరాబాద్‌లో చదివిస్తే ఆ జవాబు కూడా వచ్చింది. పదిహేడులో థయోరెడాక్సిన్ రాతలో ఒక్క అక్షరం మారి, ప్రోటీన్ సగంలోనే ఆగిపోతోంది. మా మానేరు టీ-సెవెన్‌కు చుట్టమే. ఇవి లోకానికి కొత్త సంగతులు కావు, పెద్ద ల్యాబులకు ఎన్నో ఏళ్లుగా తెలిసినవే. కాని మా కాలువ నీళ్లలోంచి, మా ఫ్రిజ్‌లోని పేరులేని ట్యూబులోంచి మేమే తేల్చుకున్నాం. మేడమ్ చిన్న వ్యాసం రాశారు. రాసినవాళ్ల పేర్లలో మూడోది జమాలున్నీసాది.

కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంట్ హనుమండ్లు సారు వ్యాసం పంపడానికి నింపాల్సిన కాగితం దగ్గర ఆగాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "అటెండర్ పేరు గిట్ల పెట్టొచ్చునా మేడమ్? విద్యార్హత అని కాలమ్ ఉన్నది. రేపు ఎవరన్న అడిగితే నేనేం చెప్పాలె?"

"పదిహేడులో లోపటికి పోయింది గని పెరగలే అని మొదలు చెప్పిందెవరో వాళ్ల పేరు పెట్టినమని చెప్పుండ్రి. నేను, అలేఖ్య ఇద్దరం ఆ ప్లేటును పారేసేటోళ్లం" అన్నారు మేడమ్.

జమాలున్నీసా ముందుకు వచ్చింది. "ఏడో తరగతి అని రాయుండ్రి సార్. ఉర్దూ మీడియం. అబద్ధమెందుకు."

హనుమండ్లు సారు ఆమెను ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూశాడు. అలాగే రాసి సంతకం పెట్టాడు.

వ్యాసం అచ్చైన రోజు మేడమ్ ఆ పేజీ తీసి ఇచ్చారు. జమాలున్నీసాకు ఇంగ్లీషు రాదు. తన పేరు ఎక్కడుందో చూపించమంది. దాని మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు జరిపింది.

"ఉర్దూల నా పేరుకు రెండు చుక్కలు. ఇంగ్లీషుల ఒక్కటే ఉన్నది" అంది. ఆ తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబురుమాలులో చుట్టుకుంది. ఇంటికి పోయి ఇనాయతుల్లాకు ఏం చెప్పిందో నాకు తెలియదు. మర్నాడు అతను కాలేజీకి వచ్చి, ఎవరూ అడగకుండానే, మా ల్యాబు తలుపు కిర్రుమనే బందుకు నూనె వేసి వెళ్లాడు.

మరుసటేడు నాకు మంచిర్యాలలో ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఆమె కూతురు హుస్నాను ఇచ్చింది ఆ ఊరికే. అందుకని రెండు మూడు నెలలకోసారి జమాలున్నీసా వచ్చేది, వచ్చినప్పుడల్లా నాకు కబురు చేసేది. రిటైరయ్యాక రాకపోకలు పెరిగాయి. మొన్న జనవరిలో ఆమెను బండి ఎక్కించడానికి నేనే స్టేషనుకు పోయాను. పెద్దపల్లిలో దిగి కరీంనగర్ బస్సు పట్టుకుంటుంది. బొగ్గు వ్యాగన్లు ఒకటొకటిగా దాటిపోతున్నాయి. ప్లాట్‌ఫారం మీద ఎండ పలచగా, వెచ్చగా ఉంది.

"మేడమ్ కొత్త పిల్లలకు ఆ పదిహేడును చూపిస్తదట" అంది. "నేను చూసిన సంగతి చెప్తదట. నాకు సిగ్గయితది."

"సిగ్గెందుకు ఖాలా?"

"గా వైరస్ మీద నాకు జర జాలి గూడ ఉండె. ఎంత దూరం నుంచొచ్చెనో. లోపటికి పోయినంక పట్టుకునేటోళ్లు లేకపాయె." చేతిలోని టికెట్టును మడిచింది, విప్పింది. "బాక్టీరియా మీద అంతకన్న ఎక్కువ జాలి. అది గూడ సచ్చె గద. ఎవరికీ లాభం కాలే."

ఇరవై అయిదు మంది పిల్లలకు పాఠం చెబుతాను, ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు చదవలేదు. ఆమెకు జవాబు కావాలని కూడా అనిపించలేదు. వ్యాగన్ల చప్పుడు సాగుతూ ఉండగానే ఆమె తల మెల్లగా నా భుజం మీదికి ఒరిగింది. ఊపిరి నెమ్మదించింది. చేతిలోని టికెట్టు జారిపోకుండా నేను పట్టుకున్నాను.

కొంతసేపటికి ఆమె ఎక్కాల్సిన బండి వచ్చి ఆగింది. జనం ఎక్కారు, దిగారు. ఆమె పెదవులు కొద్దిగా కదులుతున్నాయి. లేపుదామని చేయి ఎత్తి, మళ్లీ దించుకున్నాను. ఇంకో రెండు గంటల్లో మరో బండి ఉంది. ఆ బండిని పోనిచ్చాను.